అంజూరపు ముద్ద

“గిన్నె తీసెయ్యి ప్రమీలా. ఉపాసమున్న అని రాత్రే సెప్పిన గద.”

దేవిదాస్ ఆ మాట గోడకేసి చూస్తూ అన్నాడు. ఆయన ముందు పీట మీద జొన్న అంబలి ఆవిర్లు కక్కుతోంది. ప్రమీలమ్మ గిన్నె తీయలేదు, అక్కణ్నుంచి కదలనూ లేదు.

నిన్న పొద్దున చర్చి వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పట్టుకునే కూలబడిపోయిన విమలమ్మ ఇప్పుడు నిజామాబాదులో పెద్దాసుపత్రి మంచం మీద ఉంది. దేవిదాస్‌కు ఆమె ఒక్కగానొక్క అక్క. తల్లి పోయాక చంకనేసుకుని తిరిగి పెంచిన మనిషి. అక్క లేచి తిరిగేదాకా మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టనని తమ్ముడు రాత్రి మోకాళ్ల మీద ఉండి తీర్మానం చేసుకున్నాడు.

“రెండు గుక్కలన్న తాగు. దూరం పోవాలె.”

“పెండ్లైన కాడి సంది నా ఉపాసాలు సూస్తున్నవు. ఏనాడన్న తాగుమని బతిమిలాడినవా? ఇయ్యాల ఏంది కొత్తగ?”

చెప్పదగ్గ జవాబు ప్రమీలమ్మ దగ్గర లేదు. ఉన్న జవాబు చెప్పదగ్గది కాదు.

ఆ గిన్నెలో జొన్న పిండి, మజ్జిగ, ఉప్పు, చిటికెడు మెంతిపొడి ఉన్నాయి. అంతవరకు దేవిదాస్‌కూ తెలుసు. వాటితో పాటు చపాతీ కర్రతో మెత్తగా నూరి కలిపిన షుగరు గోలీ కూడా ఉంది. ఆ సంగతి ప్రమీలమ్మకు ఒక్కదానికే తెలుసు. పైనున్న ఆయనకు తెలియకుండా పోదు గాని, ఆయన ఇంతవరకూ నోరు మెదపలేదు.

గోడ మీద, దేవిదాస్ చూస్తున్న చోట, వాగ్దానం కార్డు వేలాడుతోంది. డిసెంబరు ఆఖరు రాత్రి ఆరాధనలో పళ్లెం నిండా కార్డులు బోర్లించి పెడతారు. ఇంటికొకరు లేచి వెళ్లి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. దాని మీద అచ్చయిన వాక్యమే ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట. పోయినసారి దేవిదాస్ చేతికి వచ్చిన కార్డు మీద ఒకటే ముక్క ఉంది. నిన్ను బాగుచేస్తానని.

ఏళ్ల తరబడి షుగరు గోలీలు మింగి విసిగిపోయిన మనిషికి అంతకంటే ఏం కావాలి? మర్నాడే గోలీలన్నీ తీసుకెళ్లి కాలువలో పారేసి వచ్చాడు. బాగుచేస్తానని ఆయన అన్నాక కూడా గోలీ మింగితే ఆయన మాట నమ్మనట్టే కదా అన్నాడు. ప్రమీలమ్మ ఆమేన్ అంది. నిజంగా నమ్మే అంది.

నమ్మింది గాని, కళ్లు ఊరుకోలేదు. మనిషి రాత్రిళ్లు లేవడం ఎక్కువైంది. నోరు ఎండుకుపోయేది. చెరుకు చేలో గట్టు మీద నడుస్తూ తూలి ఒకసారి కూలీల ముందే కింద కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం ఆమె కూతురు సుమనను చూసి వస్తానని చెప్పి బయలుదేరి, బోధన్‌లో మందుల దుకాణం దగ్గర దిగి, పాత చీటీ చూపించి అవే గోలీలు కొని, కొంగున కట్టుకుని వచ్చింది.

అంబలి వగరుగా ఉందని ఆయన మొదటి రోజే అన్నాడు. ఆరోగ్యానికి మంచిదని మెంతిపొడి కలిపానని చెప్పింది. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి మర్నాటి నుంచి మెంతిపొడి కూడా కలపసాగింది.

మగనికి పెట్టే తిండిలో మర్మం దాచిన ఆడది లోకంలో తనొక్కతే కాదని ప్రమీలమ్మ తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. బైబిల్లోని రిబ్కమ్మ మాత్రం? ముద్దుల కొడుకుకు దీవెన దక్కాలని ముసలి మగడు ఇస్సాకుకు మేకపిల్ల మాంసాన్ని అడవి మాంసమని నమ్మించి వండిపెట్టలేదా? దేవుడు ఆ వంటను కూడా తన పనికి వాడుకోలేదా? ఇలా అనుకున్నప్పుడు ఒక పూట నిద్ర పట్టేది. ఆ రిబ్కమ్మ తర్వాత ఆ కొడుకును మళ్లీ చూడకుండానే పోయిందన్న సంగతి గుర్తొస్తే ఆ నిద్రా పోయేది.

ఈస్టరు ముందు ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు. దేవిదాస్ వేలు చాచాడు. షుగరు మామూలుగానే ఉందని వాళ్లు చెప్పారు. ఈస్టరు ఆదివారం ఆయన సంఘం ముందు నిలబడి, గోలీ ముట్టకుండానే దేవుడు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు.

ఆ రోజు ఆయన ముఖం చూసి ఉంటే మీరు కూడా నోరు విప్పలేకపోయేవారు. తను పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ మూతబడిన నాటి నుంచి ఆ మనిషిని సలహా అడిగినవాళ్లు లేరు. అంత పెద్ద యంత్రాల మధ్య తిరిగినవాడు రెండెకరాల చెరుకుతో, అదీ ఎవరు కొంటారో తెలియని చెరుకుతో, తల వంచుకుని తిరిగేవాడు. ఈస్టరు నాడు ఆయన మాట్లాడుతుంటే చర్చి అంతా ఊపిరి బిగపట్టి విన్నది. ఆడవాళ్ల వైపు కూర్చున్న ప్రమీలమ్మ అందరితో పాటు చప్పట్లు కొట్టింది. వచ్చే ఆదివారం చెప్పేద్దాం అనుకుంది. ఆ వచ్చే ఆదివారం ఇంతవరకు రాలేదు.

ఆ చర్చిలోనే ముందు వరుసలో విమలమ్మ కూర్చుని ఉంది. ఆమెకూ అదే రోగం. అవే గోలీలు.

ప్రమీలమ్మ గిన్నెలోని అంబలిని మూత బిగించే స్టీలు డబ్బాలోకి వంపి సంచిలో పెట్టుకుంది. దారిలోనైనా తాగకపోతాడా అని ఆశ.

*

రుద్రూర్ దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తనడక నడిచింది. ఒక్కో బండికి రెండేసి ట్రాలీలు, రోడ్డంతా ఎండిన ఆకు. దేవిదాస్ కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆయన చేలో కూడా ఇవాళే నరకాలి. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలకు రేపు రమ్మని కబురు పెట్టి వచ్చాడు. రేపు వాళ్లు దొరకరని ఆయనకు తెలుసు.

నిద్రపోతున్నాడనుకుంది ఆమె. బోధన్ దగ్గర పడుతుండగా కళ్లు తెరవకుండానే మాట్లాడాడు.

“అక్కకెందుకు గిట్లయింది ప్రమీలా? నా లెక్కనే నమ్మింది గద. నాకు అయింది ఆమెకెందుకు కాలే?”

ఆమె చేతిలోని సంచిని గట్టిగా పట్టుకుంది.

“రాత్రంత గదే ఆలోచన. నాల ఏదో దాపుడు పాపం ఉన్నట్టున్నది. నా సాక్ష్యం విని ఆమె నమ్మింది, నా పాపం ఆమెకు అడ్డం పడ్డది. దేవుడు గది సూపెట్టెదాక నేను అన్నం ముట్ట.”

దాపుడు పాపం. ఆ మాట ప్రమీలమ్మ గుండెల్లో గుచ్చుకుంది. ఆ పాపం ఆయనలో కాదు, ఆయన పక్క సీట్లో ఉంది, ఒళ్లో సంచి పెట్టుకుని ఉంది. చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టే ఉంది. ముందు సీట్లో ఇద్దరు ముసలివాళ్లు మరాఠీలో ఏదో బేరం గురించి వాదించుకుంటున్నారు. బస్సు నిండా జనం. ఇంత మంది మధ్యలోనా అనుకుంది. ఇంట్లో ఉన్నప్పుడు ఇద్దరమే ఉన్నాం గదా అప్పుడెందుకు చెప్పలేదని తనను తానే తిట్టుకుంది.

ఆయన తిడతాడని ఆమెకు భయం లేదు. కొట్టే మనిషి అసలే కాదు. మందు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. కాని ఆ మనిషి దగ్గర్నుంచి దేవుడు పోతే? అన్నీ పోయినప్పుడు ఒక్క ఆయనే తనను పేరు పెట్టి పిలిచాడని దేవిదాస్ నమ్మకం. ఆ పిలుపులో చపాతీ కర్ర చప్పుడు కూడా ఉందని ఏ నోటితో చెప్పాలి?

బోధన్ బస్టాండులో బస్సు మారేటప్పుడు దేవిదాస్ కాలు మెట్టు మీద తడబడింది. ఆమె రెక్క పట్టుకుంది. ఒక్క గుక్క తాగమని మళ్లీ బతిమిలాడింది. ఆయన తల అడ్డంగా ఊపి, జేబులో మోగుతున్న ఫోను తీశాడు. పాస్టరు అరుణ్ అయ్యగారు. ఆదివారం బోధన్ ప్రార్థన కూటాలకు టెంటు వేస్తున్నారట. కరపత్రాల మీద సాక్ష్యం చెప్పేవారిలో దేవిదాస్ పేరు కూడా వేయించారట. అక్క కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థనలో ఉందని చెప్పి ఆయన పెట్టేశారు. ఆ కుర్ర పాస్టరు మంచివాడే. ఆయనకు చెప్పినవాళ్లు ఉంటే కదా.

*

ఆసుపత్రి వరండాలో కావ్య ఎదురొచ్చింది. విమలమ్మ కూతురు. నిజామాబాదులోనే బట్టల దుకాణంలో పనిచేస్తుంది. నిన్నటి నుంచి కట్టుకున్న చీర మార్చుకోలేదు, కళ్లు ఉబ్బిపోయాయి. మేనమామను చూడగానే ఏడుస్తుందనుకుంది ప్రమీలమ్మ. కావ్య ఏడవలేదు.

తల్లికి తెల్లవారుజామున తెలివి వచ్చిందని చెప్పింది. రాత్రి స్పృహ లేనప్పుడు సెలైను పెట్టి సూదులు వేశారట, షుగరు కొంచెం దిగిందట. కాని తెలివి వచ్చిన దగ్గర్నుంచి సూది దగ్గరికి రానివ్వడం లేదు. చేయి లాక్కుంటోంది. ఎప్పుడో చెరుకు మోడు గుచ్చుకున్న గాయం మానక మడమ దాకా నల్లబడింది. సూదులు వేసి షుగరు దించితేనే ఆ కాలికి వైద్యం చేయగలమని, ఆదివారం దాకా ఆగితే కాలు దక్కదని, ఆ తర్వాత మనిషి మాట కూడా చెప్పలేమని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

“ఆదివారం దాక ఎందుకాగుడు?” అన్నాడు దేవిదాస్.

“నీ సాక్ష్యం కోసం మామా.” కావ్య గొంతు పెంచలేదు. “కూటాలకు తీస్కపోర్రి, నా తమ్ముడు సాక్ష్యం చెప్తుంటే కింద కూసుంట, గక్కడ్నే నాకు బాగైతది అంటున్నది. గోలీలన్ని బిస్కెట్ల డబ్బల దాచింది మామా. నాకు ఫోన్ల మాత్రం ఏసుకున్న బిడ్డా అని చెప్పేది. ఆ డబ్బ నిండిపోయింది.”

దేవిదాస్ గోడకు చేయి ఆన్చాడు.

“నేను ఆమెను గోలీలు బంద్ పెట్టుమని ఎన్నడు అన్లే బిడ్డా.”

“పెట్టొద్దని కూడ అన్లే గద.”

వరండాలో వచ్చేవాళ్లు పోయేవాళ్లు వాళ్లను తప్పుకుని నడుస్తున్నారు. కావ్య ఇంకా చాలా అంది. దేవుడంటే తనకు కోపం లేదని, చిన్నప్పటి నుంచి ఆయన పేరు మీదే పెరిగిందని, ఆయన తన తల్లిని చంపుకోమని చెప్పి ఉంటాడంటే మాత్రం నమ్మనని అంది. ఆ మాటలన్నీ మేనమామతోనే అంటోంది గాని, ఒక్కోటీ వచ్చి ప్రమీలమ్మకే తగులుతోంది.

“అత్తా, నువ్వన్న చెప్పు” అంది చివరికి కావ్య. “నీ మాట అమ్మ ఇంటది.”

*

విమలమ్మ దిండుకు ఆనుకుని ఉంది. ఒక్క రోజులో మనిషి చిక్కి సగమైంది. తమ్ముణ్ని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి దేవిదాస్ మంచం అంచున కూలబడి ఆమె చేయి తీసుకుని ముఖానికి ఆన్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరు రోగో తెలియడం లేదు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“నా తప్పే తమ్మీ” అంది విమలమ్మ. “నా విశ్వాసమే తక్కువైంది. నడుమ రెండుసార్లు భయమయ్యి ఒక గోలీ మింగిన. దేవునికి కోపమొచ్చింది.”

ప్రమీలమ్మ మంచం పట్టె పట్టుకుంది. ఇంతకాలం తన దొంగతనం వల్ల నష్టపోయింది తానొక్కతే అనుకుంది. ఈ ముసలామె ఒంటరిగా, చీకటి గదిలో, భయపడి మింగిన ఒక్క గోలీకి దేవుడి దగ్గర క్షమాపణ అడుక్కుంటూ గడిపిన రాత్రులు ఆమె లెక్కలోకి రాలేదు.

సిస్టరు సూదితో వచ్చింది. విమలమ్మ చేయి దుప్పటి కిందికి పోయింది. బతిమిలాడి, విసుక్కుని, మళ్లీ వస్తానని సిస్టరు పక్క మంచం దగ్గరికి వెళ్లింది. ఆదివారం ఎంతో దూరం లేదని, ఒక్క జీపు మాట్లాడితే చాలని, వేదిక కింద చాప వేస్తే కూర్చుంటానని విమలమ్మ తమ్ముడికి చెబుతోంది. దేవిదాస్ ఔననలేదు, కాదనలేదు. ఆయన కూడా ఆ చాప మీద ఒక అద్భుతం జరిగితే బాగుండునని ఆశపడుతున్నట్టే ఉంది.

“ప్రమీలా, నీ సంచిల బైబిలున్నదా?” అంది విమలమ్మ. “నా తమ్ముని వాగ్దానం సదువు. గది వింటె ధైర్యమైతది.”

ప్రమీలమ్మ తీసింది. కార్డు అడుగున సన్న అక్షరాల్లో ఉండే అధ్యాయం నంబరు ఆమెకు కంఠతా వచ్చు. రాజైన హిజ్కియా చావు మంచం పట్టిన చోటు అది. ఆయన గోడ తట్టు తిరిగి ఏడ్చి ప్రార్థన చేస్తాడు. నీ కన్నీళ్లు చూశాను, నిన్ను బాగుచేస్తానని దేవుడు యెషయా ప్రవక్తతో కబురు పంపుతాడు. ఇంకా పదిహేనేళ్లు ఆయుష్షు పోస్తాడు.

ఆమె చదువుతుంటే విమలమ్మ పెదవులు కూడా కదిలాయి. దేవిదాస్ తల వంచుకుని విన్నాడు. పదిహేనేళ్ల దగ్గర ఎప్పటిలాగే విమలమ్మ ఆమేన్ అంది. అక్కడే ఎవరైనా ఆపుతారు. ఇంట్లో ప్రార్థనలోనూ అక్కడే ఆపేవాళ్లు, ఈస్టరు నాడు దేవిదాస్ కూడా అక్కడే ఆపాడు.

ప్రమీలమ్మ కన్ను కింది వాక్యం మీద పడింది. ఆ పుట ఎన్నిసార్లు తిప్పిందో, ఆ వాక్యం ఎన్నిసార్లు కంటపడిందో. మనసుకు పట్టింది మాత్రం ఇప్పుడే. ఆమె వేలు అక్కడే నిలబడిపోయింది.

“ఇంక ఉన్నది వదినె” అంది.

“ఏమున్నది?”

“యెషయా గక్కడికే ఆపలే. అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నడు. తెచ్చి రాజు పుండు మీద కట్టిన్రు. గప్పుడు బాగైండు.”

పక్క మంచం ముసలమ్మ దగ్గు ఆపుకుని వింటోంది.

“మందు కట్టిన్రా?” అంది కావ్య మెల్లగా.

“మందే బిడ్డా. బాగుచేస్త అన్నోడే మందు కూడ సెప్పి పంపిండు. కార్డు మీద జాగ లేక గదొక్కటి అచ్చెయ్యలే.”

విమలమ్మ కిటికీకేసి చూసింది. దుప్పటి కింద ఆమె చేయి కదలడం ప్రమీలమ్మ చూసింది. బయటికి వస్తుందనుకుంది. రాలేదు.

“రాజుకు కట్టిన్రు, నిజమే” అంది విమలమ్మ. “మరి నా తమ్మునికి ఏ ముద్ద కట్టిన్రు పిల్లా? ఏం లేకుండనే ఆయనకు బాగాయె. గదే దేవుడు నాకు ఎందుకు చెయ్యడు?”

కావ్య రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

దేవిదాస్ తలెత్తాడు. ఆయన కళ్లలో గర్వం లేదు. ఉన్నదల్లా దిగులు. “నిజమే అక్కా” అన్నాడు. “నేను ఏం ముట్టలే. దేవుడు సాక్షి. నాకు ముద్ద లేదు.”

దేవుడు సాక్షి అన్న మాట ప్రమీలమ్మ చెవిన పడింది. అవును, ఆయన సాక్షే. రోజూ పొద్దున పొయ్యి దగ్గర నిలబడి చూసిన సాక్షి. ఇన్నాళ్లూ ఆయన మౌనంగా ఉన్నాడంటే ఒప్పుకున్నాడని ఆమె అనుకుంది. తానే ఎప్పుడు చెబుతుందా అని ఎదురు చూస్తున్నాడేమోనని ఇప్పుడు మొదటిసారి తోచింది.

ఎదురుగా మంచం మీద నల్లబడిన కాలు ఉంది. ఇవతల తన మగడి విశ్వాసం ఉంది. రెండూ దక్కే దారి కోసం ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది. సిస్టరు పక్క మంచం దగ్గర పని ముగించుకుని ఇటు తిరిగింది.

ప్రమీలమ్మ బైబిలు మూసి మంచం మీద పెట్టింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మగని ముందు పెట్టింది.

“సుమన బాపూ” అంది. “నీకు కూడ కట్టిన్రు. నీ ముద్ద గీ అంబలిల ఉన్నది. రోజు నేనే నూరి కలిపిన.”

ముందు అర్థమైంది కావ్యకు. ఆమె ముఖం మీది చేతులు కిందికి జారాయి. తర్వాత విమలమ్మకు. దేవిదాస్‌కు మాత్రం అర్థం కాలేదు, లేదా అర్థం కావడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన డబ్బాకేసి చూశాడు, భార్యకేసి చూశాడు.

“ఏం నూరి?”

“గోలీలు.”

ఆయన డబ్బా మూత తీశాడు. అంబలి చల్లారి పైన మీగడ కట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“మెంతిపొడి గందుకేనా?”

ఆమె తల ఊపింది. చెప్పవలసిన మాటలు ఎన్నో ఉన్నాయి. నువ్వు చేలో తూలి పడ్డావు, నాకు భయమైంది, నీకు చెబుదామనే అనుకున్నాను, నీ ముఖంలో వెలుగు చూసి నోరు రాలేదు. అన్నీ నిజాలే. ఒక్కటీ బయటికి రాలేదు.

దేవిదాస్ మూత బిగించాడు. నెమ్మదిగా, మరలు సరిగ్గా పడేలా, ఒకప్పుడు ఫ్యాక్టరీలో బోల్టులు బిగించిన చేతులతో బిగించాడు. తిట్టలేదు. ఆ డబ్బా కిటికీలో పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆ వీపు చూస్తుంటే ప్రమీలమ్మకు ఏడుపొచ్చింది. గోడ తట్టు తిరిగిన రాజు ఏడ్చాడని పుస్తకంలో ఉంది. ఈ మనిషి ఏడుస్తున్నాడో లేదో వెనక నుంచి తెలియలేదు.

“కావ్యా” అని పిలిచింది విమలమ్మ. దుప్పటి కింది నుంచి చేయి బయటికి వచ్చింది. “సిస్టరమ్మను పిలువు. సూది ఎయ్యమను.”

సూది దిగుతున్నప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. స్తోత్రమో, తమ్ముడి పేరో. కావ్య తల్లి తల పక్కన తల ఆన్చి అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే ప్రమీలమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. వదిన కాలు దక్కవచ్చు. కనీసం మనిషి దక్కుతుంది. మరి కిటికీ దగ్గరి మనిషి?

ఆమె దగ్గరికి వెళ్లింది. భుజం ముట్టుకోబోయి ఆగింది.

“దేవుడు నిన్ను బాగుచెయ్యలేదని కాదు” అంది మెల్లగా. “హిజ్కియా లెక్కనే చేసిండు. నేనే సెప్పక...”

“హిజ్కియాకు ఎరుక ప్రమీలా” అన్నాడు దేవిదాస్ తిరగకుండానే. “పుండు మీద ముద్ద కట్టేటప్పుడు ఆయన కండ్లు తెర్సుకొనే ఉన్నడు. కట్టింది ఏందో ఆయనకు ఎరుక.”

భుజం దాకా వెళ్లిన చేతిని ఆమె వెనక్కి తీసుకుంది.

ఆయన జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. దేవిదాస్ తీసి చూశాడు. తెర మీద అరుణ్ అయ్యగారి పేరు వెలుగుతోంది. అక్క ఎలా ఉందని అడుగుతాడు, ఆదివారం ఎన్నింటికి వస్తారని అడుగుతాడు. కరపత్రాల మీద పేరు, వేసిన టెంటు, రుద్రూర్ నుంచి బోధన్ దాకా ఊరూరా ఆ సాక్ష్యం కోసం ఎదురు చూస్తున్న షుగరు రోగులు. వాళ్ల ఇళ్లలో ఎన్ని బిస్కెట్ల డబ్బాలు నిండాయో ఎవరికి తెలుసు?

దేవిదాస్ ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని తడి లేదు. భార్య ముఖంలోకి, పెళ్లయిన కొత్తలో చూసినట్టు, ఎవరీ మనిషి అన్నట్టు చూశాడు. ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

“ఎత్తు” అన్నాడు. “నాకు తెల్వని సంగతికి నేను సాక్ష్యం సెప్పిన. తెల్సిన మనిషివి నువ్వు. ఆదివారం ఎవరు నిలబడాల్నో నువ్వే సెప్పు.”

ఆమె చేతిలో ఫోను ఇంకా మోగుతోంది. మంచం మీంచి విమలమ్మ, కావ్య ఇద్దరూ తననే చూస్తున్నారని తెలుస్తోంది. ఈస్టరు నాడు తాను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి.

ప్రమీలమ్మ ఫోను చెవికి ఆన్చుకుంది.

“వందనాలు అయ్యగారూ” అంది. “నేను ప్రమీలను. మీతోని ఒక మాట సెప్పాలె.”